దిగే గేరు పైనే వెయ్యాలి

కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళలో ప్రభ కదులుతుంటే అందరి కళ్ళూ ముందున్న ఎడ్ల మీదో, ఈమధ్య అయితే ట్రాక్టరు మీదో ఉంటాయి. కావూరు, పురుషోత్తమపట్నం, యడవల్లి, అమీన్‌సాహెబ్‌పాలెం లాంటి ఊళ్ళ ప్రభలు ఎనభై తొంభై అడుగుల ఎత్తు లేస్తాయి. అంతటిదాన్ని నడిపించేది లాగే బలమే అనుకుంటాం. అది ఒరిగిపోకుండా కొండ కిందికి చేరేది మాత్రం చుట్టూ మోకులు పట్టుకున్న మనుషుల వల్ల. ముందు లాగుతుంటే వెనకవాళ్ళు మోకు బిగబట్టి, జానెడు జానెడు వదులుతూ వస్తారు. చప్పట్లు వాళ్ళకు పడవు. వాళ్ళ చెయ్యి జారిన రోజే వాళ్ళున్నారని జనానికి తెలుస్తుంది.

ఈ అధ్యాయం ఆ వెనక మోకు గురించే. ట్రాక్టరుకు ట్రక్కో నీళ్ళ ట్యాంకరో తగిలించి కొండ ఎక్కించి దించేవాళ్ళకు ఇది పనికొస్తుంది. జీపు వెనక చిన్న ట్రెయిలరు కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళకూ, అమెరికాలో పెద్ద బండి వెనక చక్రాల మీది ఇంటిని తగిలించుకుని పిల్లలతో సెలవులకు బయల్దేరే మనవాళ్ళకూ లెక్క ఒకటే. వ్యక్తిత్వం గురించిన పుస్తకంలోకి ట్రాక్టరు ఎందుకొచ్చిందని అడగొచ్చు. స్టీరింగు తిప్పడం ఎవరైనా నేర్పుతారు. కొండపైనే బండి ఆపి, దిగే గేరు వేసుకుని, ట్రక్కులో ఎక్కి కూర్చున్న పెద్దమనిషిని మర్యాదగా దించేసే గట్టిదనం మాత్రం డ్రైవింగు స్కూల్లో నేర్పరు.

ముందు కొంచెం లెక్క. విసుగనిపించినా చదవండి, మిగతాదంతా దీని మీదే నిలబడింది.

కోటప్పకొండ మీది త్రికూటేశ్వరస్వామి గుడి సుమారు 600 అడుగుల ఎత్తున ఉందంటారు. అంటే 180 మీటర్ల పైచిలుకు. ట్రాక్టరు రెండు టన్నులు, ఖాళీ ట్రక్కు టన్నున్నర, అందులో సరుకు మూడు టన్నులు అనుకుందాం. మొత్తం ఆరున్నర టన్నులు. ఇంత బరువు అంత ఎత్తు నుంచి నేలకు దిగేలోపు ఆ బలమంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. ఆ వేడినంతా ఒకచోట చేర్చగలిగితే నాలుగున్నర లీటర్ల నీళ్ళు మరిగి, చుక్క మిగలకుండా ఆవిరైపోతాయి. మెల్లగా దిగినా వేగంగా దిగినా ఈ మొత్తం మారదు. మారేదల్లా ఆ వేడి ఎంతసేపట్లో పుడుతుంది, దాన్ని ఇంజను మోస్తుందా, బ్రేకు లైనర్లు మోస్తాయా అన్నదే.

ఇప్పుడు వేగం సంగతి. పది అడుగులు వెళితే ఒక అడుగు దిగే వాలు మీద ఈ బండిని కిందికి నెట్టే బలం 650 కిలోలు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే ఆ నెట్టుడు సుమారు 24 హార్స్‌పవర్లతో సమానం. 20 కిలోమీటర్లకు పెంచితే సుమారు 47. మన పల్లెల్లో తిరిగే ట్రాక్టరు 45 హార్స్‌పవర్లదైతే గొప్పగా చెప్పుకుంటాం. అంటే 20తో దిగేటప్పుడు మీ ఇంజను దమ్మంతా కూడగట్టి లాగితే ఎంత బలమో, అంత బలంతో కొండ మిమ్మల్ని వెనక నుంచి తోస్తోంది. టైర్ల రాపిడి కాస్త కలిసొస్తుంది, అంతే. ఇంజను పట్టు కాక, ఆ బలాన్ని ఆపాల్సింది ట్రాక్టరు వెనక చక్రాల బ్రేకులు రెండే. మామూలు ట్రాక్టర్లకు ముందు చక్రాలకు బ్రేకు ఉండదు. ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకే ఉండదు.

తిరుమలకు సొంత కార్లో వెళ్ళినవాళ్ళకు ఒక సంగతి అనుభవమే. గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. పైకి వెళ్ళేటప్పుడు 28 నిమిషాలకంటే ముందు చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాలకంటే ముందు కింద కనిపించకూడదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగడానికి పన్నెండు నిమిషాలు ఎక్కువ ఇచ్చారంటే, కొండల దగ్గర బండి ఎప్పుడు చెయ్యి దాటుతుందో వాళ్ళకు బాగా తెలుసన్నమాట. మన డ్రైవర్లలో ఎక్కువమంది దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు. ఎక్కేటప్పుడు గుండె బిగబట్టుకుంటారు, పైకి చేరగానే గండం గడిచిందనుకుంటారు. దిగేటప్పుడు పాట పెడతారు.

ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండే చెబుతుంది. రొప్పుతుంది, పొగ కక్కుతుంది, ఆగిపోతుంది. నలుగురూ నవ్వుతారు, అంతకుమించి నష్టం లేదు. దిగేటప్పుడు బలం చాలడం లేదన్న సంగతి బండి మొదటి రెండు మలుపుల దాకా చెప్పదు. చెప్పేసరికి వినే టైము మీకుండదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టులో ఆంజనేయస్వామి కొండ నుంచి ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. పట్టాల్సినవాళ్ళకంటే చాలా ఎక్కువ మంది అందులో ఉన్నారు. ఆ రోజు ఎవరి తప్పు ఎంత అన్న తర్కం నాకొద్దు. ట్రక్కు తగిలించుకుని కొండ దిగాలనుకునే ప్రతివాడూ తాళం తిప్పేముందు ఒకసారి ఆ బస్సును తలుచుకోవాలని మాత్రం అంటాను.

దిగేటప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ పైన చదును నేల మీద, బండి నిలబడి ఉండగానే తీసుకోవాలి. వాలు మీదికి వచ్చాక నిర్ణయాలుండవు, ముందే తీసుకున్నవాటిని పట్టుకుని ఉండడమే.

మొదటిది గేరు. ఏ గేరులో అయితే ఈ లోడుతో పైకి ఎక్కగలిగారో ఆ గేరు, కుదిరితే దానికంటే ఒకటి తక్కువ. హై-లో లివరు లోలో ఉండాలా వద్దా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. కార్లో అయితే దారిలో గేరు తగ్గించుకోవచ్చు. ట్రాక్టరు గేరుబాక్సుల్లో చాలావాటికి ఆ సుఖం లేదు. వాలులో క్లచ్ తొక్కి పై గేరు తీశారా, కింది గేరు పళ్ళు కలవక కిర్రుమంటాయి. ఈలోపు బండి ఏ గేరూ లేకుండా పోతూ ఉంటుంది. ఆరున్నర టన్నులు, రెండు చక్రాల బ్రేకు. అందుకే డౌన్లో క్లచ్ మీద కాలు పెట్టకూడదు, ఊరికే ఆనించి కూడా పెట్టకూడదు. అలవాటుగా పెట్టే కాలే మనుషుల్ని చంపింది.

రెండోది న్యూట్రల్. ‘డీజిలు మిగులుతుందండీ’ అంటారు. మిగలదు. గేరులో ఉండి, ఏక్సిలరేటరు పూర్తిగా వదిలేసి దిగుతుంటే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. ఇంజను అప్పుడు ఐడిలింగ్ కంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి పంపులోని గవర్నరు డీజిలు ఆపేస్తుంది. న్యూట్రల్లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికైనా డీజిలు తాగాలి. అంటే ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ కాస్త ఎక్కువ తాగిస్తున్నారు. దీన్ని పాతికేళ్ళ అనుభవం ఉన్న డ్రైవర్లకు చెప్పి చూడండి, నమ్మరు. నమ్మకపోతే పోనీ, మీరు మాత్రం పెట్టకండి.

ఇక్కడే ట్రాక్టరుకు మాత్రమే ఉన్న ఒక చిక్కు. స్టీరింగు పక్కన చేత్తో జరిపే ఏక్సిలరేటరు లివరు ఉంటుంది. దుక్కిలో, పంపుసెట్టు దగ్గర దాన్ని ఒకచోట పెట్టి వదిలేస్తాం. ఎక్కేటప్పుడు కూడా కాలు నొప్పి పుట్టకుండా దాన్నే లాగి పెట్టుకునేవాళ్ళున్నారు. దిగేటప్పుడు అది అలాగే ఉండిపోతే మీరు కాలు తీసినా ఇంజను తగ్గదు. కొండ తోస్తుంటే, ఇంజనూ తోస్తుంటుంది. దిగబోయేముందు ఆ లివర్ని చివరిదాకా వెనక్కి నెట్టేయాలి.

మూడోది బ్రేకు పెడళ్ళ లాకు. పొలంలో మడి చివర తిప్పుకోవడానికి కుడి చక్రానికి ఒక పెడలు, ఎడమ చక్రానికి ఒక పెడలు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపే చిన్న లాకు ఉంటుంది. అది వెయ్యకుండా డౌన్లో ఒక్క పెడలే తొక్కితే ఒక చక్రం ఆగుతుంది, రెండోది తిరుగుతూనే ఉంటుంది, ట్రాక్టరు ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. వెనకున్న ట్రక్కు మాత్రం తిన్నగా వస్తూ ట్రాక్టర్ని మధ్యలో మడిచేస్తుంది. ఆ లాకు వేలెడు ఇనప ముక్క. దాన్ని ఊళ్ళోనే వేసుకుని బయల్దేరండి, కొండ దగ్గర గుర్తురాదు. ఫోర్ వీల్ ట్రాక్టరైతే దిగేటప్పుడు ముందు యాక్సిల్ కూడా కలపండి. వెనక బ్రేకు పట్టు దాని ద్వారా ముందు చక్రాలకూ అందుతుంది. తారు మీద టైర్లు కాస్త అరుగుతాయి, అరగనివ్వండి.

బ్రేకు ఎలా వాడాలన్నదానికి ఒక్క మాట చాలు. తొక్కి పెట్టి ఉంచొద్దు. ఇంజను పట్టు సరిపోక వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయాలి. వదిలినంతసేపూ లైనర్లు చల్లారతాయి. కాలు మాటిమాటికీ బ్రేకు మీదికి వెళుతోందంటే గేరు ఎక్కువైందని అర్థం. చదును దొరికిన మొదటి చోట ఆపి తగ్గించుకోండి.

లోడు విషయంలో మన కంటికి కనిపించే బరువే మనల్ని మోసం చేస్తుంది. రెండు చక్రాల ట్రక్కులో బస్తాలన్నీ వెనక వేస్తే హుక్కు పైకి లేస్తుంది, దాంతో ట్రాక్టరు వెనక చక్రాలు తేలికవుతాయి. బ్రేకులున్నవి ఆ చక్రాలకేగదా. తొక్కితే జారతాయి. అన్నీ ముందు వేస్తే ఎక్కేటప్పుడు ట్రాక్టరు మూతి లేస్తుంది, స్టీరింగు తిప్పినా తిరగదు. సగం కంటే కొంచెం ఎక్కువ ఇరుసుకు ముందు ఉండేలా సర్దుకోవాలి. హుక్కు పిన్నుకు కింద అడ్డపిన్ను ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. దాని స్థానంలో తీగముక్క మెలేసి తిరిగే బళ్ళు నరసరావుపేట రోడ్డు మీదే బోలెడు కనిపిస్తాయి. పిన్నుతో పాటు ఒక గొలుసు కూడా వేసుకుంటే పిన్ను పోయినా ట్రక్కు పోదు.

తిరునాళ్ళకు నీళ్ళ ట్యాంకరు తెచ్చేవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. 5000 లీటర్ల ట్యాంకరు నిండుగా ఉంటే ఐదు టన్నులు. బరువే, కానీ కదలని బరువు. సగం వాడాక రెండున్నర టన్నులు మిగిలింది, తేలికైంది కదా అని దిగబోతాం. సగం ఖాళీ ట్యాంకరే ప్రమాదం. బ్రేకు తొక్కగానే రెండున్నర టన్నుల నీళ్ళూ ఒక్కసారి ముందు గోడను గుద్దుతాయి, మలుపులో ఒక పక్కకు పొర్లుతాయి. మీరు ఆపారనుకున్న క్షణం తర్వాత ట్యాంకరు మిమ్మల్ని రెండోసారి తోస్తుంది. పైన మిగిలిన నీళ్ళు ఏదో ఒక తొట్టిలోకి వదిలేసి, ఖాళీగా దిగండి.

మనుషుల సంగతికొస్తే, చెప్పాల్సింది చిన్నదే, చెయ్యడం కష్టం. ట్రాక్టరు ట్రక్కు సరుకు కోసం, మనుషుల కోసం కాదు. చట్టం అదే అంటుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకు ప్రమాదంలో ఏమన్నా అయితే బీమా కంపెనీ చెల్లించనక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. కొండగట్టు ప్రమాదం జరిగిన 2018లోనే, జూన్ 24న, యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు, చాలామంది ఆడవాళ్ళు. అక్కడ కొండ కూడా లేదు. పల్నాడులో మిరపకాయల కోతకు, పెళ్ళికి, తిరునాళ్ళకు ట్రక్కే బస్సు అని నాకు తెలుసు. ఈ పుస్తకం చదివి ఆ అలవాటు రేపటికి పోదనీ తెలుసు. కనీసం కొండ దగ్గరికి వచ్చేసరికి ట్రక్కులో మనిషి ఉండకూడదు. శివరాత్రికి కొండ మీదికి ఆర్టీసీ బస్సులు తిప్పుతుంది. ఏ బండి పైకి పోవచ్చో ఆ రోజు పోలీసులే చెబుతారు, అదీ మంచిదే. చిక్కంతా మిగతా రోజుల్లో.

మిగతా రోజుల్లో స్టీరింగు దగ్గరుండేది ఇరవై ఏళ్ళ కుర్రాడు. ట్రక్కు ఎక్కేది వాళ్ళ పెదనాన్న.

‘ఒరే, ఇంకో నలుగురం. కొండ దిగిందాకేగా.’

‘వద్దు పెదనాన్నా, బస్సు వస్తోంది. టికెట్లు నేను తీస్తా.’

‘నీకు తోలడం రాదా ఏందిరా?’

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఓడిపోతారు. మగతనాన్నీ, తోలడాన్నీ ఒకే మాటలో కట్టి విసిరే ప్రశ్న ఇది. దీనికి జవాబుగా ఎంత బాగా తోలగలరో చూపించబోతే అక్కడే పడిపోయారు. ‘రాదనే అనుకో పెదనాన్నా, బస్సెక్కు’ అనగలగాలి. రాదనిపించుకోవడం వల్ల పోయేది లేదు. సాయంత్రం అరుగు మీద కాసేపు నవ్వుకుంటారు. వాదించకండి, చట్టం చెప్పకండి, కొండగట్టు కథ అక్కడ మొదలెట్టకండి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, కింద నిలబడండి. బండి కదలకపోతే ఎంతటి పెద్దమనిషైనా ఐదు నిమిషాల్లో దిగుతాడు. ఇంకా మంచిది, ఈ మాటను ఊళ్ళో బయల్దేరేముందే, ఇంట్లో ఆడవాళ్ళ ముందు చెప్పేయడం. పిల్లలున్న తల్లులు మీ పక్షాన ఉంటారు, కొండ దగ్గర ఆ బలం కూడదీసుకోవడం కష్టం.

శివరాత్రికి ప్రత్యేకంగా మరో గండం ఉంది. ఉపవాసం, రాత్రంతా జాగరణ, ప్రభల మీద లైట్లు, మైకులు, తెల్లవారుజామున ఇంటిదారి. భక్తులకు అది పుణ్యం. డ్రైవరు కూడా భక్తుడే, అదే బాధ. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఫలితం వేశారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి-కంటి పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుంది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానం. మన దేశంలో తాగి నడిపినట్టు కేసు పెట్టే హద్దు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. చుక్క ముట్టకుండా, నుదుట విభూది పెట్టుకుని, శివనామం చేస్తూ స్టీరింగు పట్టిన జాగరణ డ్రైవరు ఆ హద్దుకు మూడింతలు తాగినవాడిలా నడుపుతున్నాడు. నోటి దగ్గర మిషను పెడితే ఏమీ పట్టదు.

కాబట్టి డ్రైవరుకు జాగరణ లేదు. ఎవరి మొక్కు అయినా జాగరణ వాళ్ళింట్లో ఇంకొకరు ఉండొచ్చు. బండి తోలేవాడు అన్నం తిని, రాత్రి పది గంటలకల్లా పడుకోవాలి. ఎక్కడ పడుకోవాలన్నది కూడా చెప్పాలి. ట్రక్కు కింద మాత్రం కాదు. నీడ అని, మంచు పడదని ట్రక్కు కింద దుప్పటి పరుచుకునేవాళ్ళు తిరునాళ్ళలో ఎంతమందో. తెల్లారి కదిలించేముందు చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, ఒక కేక వేసి, అప్పుడు సీటెక్కండి.

కోటప్పకొండ కథ మీకు తెలిసిందే. గొల్లభామ ఆనందవల్లి ముందు నడుస్తుంటే స్వామి వెనక వస్తానన్నాడు, వెనక్కి తిరిగి చూడొద్దన్నాడు. ఆమె తిరిగి చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. ట్రక్కు తోలేవాడికి ఈ నియమం వర్తించదు. వెనక వచ్చేదాన్ని చూస్తూనే ఉండాలి. ట్రాక్టర్లకు అద్దాలు సగానికి సగం ఉండవు, ఉన్నా దుమ్ము కొట్టుకుని ఉంటాయి. రెండు వైపులా వెడల్పాటి అద్దాలు బిగించుకోండి. కొండ ఖర్చులో ఇంతకంటే చవకైంది లేదు.

మలుపు దగ్గర ట్రక్కు చక్రాలు ట్రాక్టరు చక్రాల జాడలో రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. లోపల పిట్టగోడ ఉంటే గీరుకుంటుంది, మోటార్‌సైకిలు ఉంటే కింద పడుతుంది. ముందు బయటికి వెడల్పుగా వెళ్ళి, ఆలస్యంగా తిప్పాలి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. అది మర్యాద మాత్రమే కాదు, 2017 నాటి కేంద్ర డ్రైవింగు నిబంధనల్లోనూ ఉంది. మధ్యలో ఆపాల్సి వస్తే గేరులో ఉంచి, బ్రేకు లాకు వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టడం అందరికీ తెలుసు. బయల్దేరేటప్పుడు ఆ రాళ్ళు తీసి పక్కన పడేయడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. రాత్రి స్కూటరు మీద వచ్చేవాడు మీ రాయికి తగిలి పోతే మీకు ఆ వార్త కూడా చేరదు. ట్రక్కులో చెక్కతో చేసిన అడ్డు ముక్కలు రెండు, తాడు కట్టి ఉంచుకోండి. ముక్క మీ సొంతమైతే వదిలేసి రారు.

అమెరికాలోని మనవాళ్ళకు ఒక నాలుగు మాటలు. మీ ట్రావెల్ ట్రెయిలరుకు సొంత బ్రేకులుంటాయి, వాటి కంట్రోలరు డ్రైవరు దగ్గర ఉంటుంది, మా ట్రక్కులకు లేని భాగ్యం. ట్రెయిలరు బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడేలా సామాను సర్దుకోండి, అంతకు తగ్గితే హైవే మీద తోక ఊపుతుంది. ఊపినప్పుడు బండి బ్రేకు తొక్కకుండా ట్రెయిలరు బ్రేకును చేత్తో వెయ్యాలి. కొలరాడోలో ఐజన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంది. గాలి పలచనై, టర్బో లేని ఇంజను బలంలో మూడో వంతు అక్కడికి చేరేసరికే పోతుంది, అందుకని ఎక్కడమే కష్టం అనుకుంటారు. అవతల 7 శాతం వాలులో కిలోమీటర్ల కొద్దీ దిగాలి. దిగేటప్పుడు ఇంజను పట్టు పెంచే టో/హాల్ బటను పైనే నొక్కి దిగండి.

అదే రోడ్డు మీద, డెన్వర్ పక్కన లేక్‌వుడ్‌లో, 2019 ఏప్రిల్ 25న కలప లారీ ఒకటి బ్రేకులు పోయి ఆగి ఉన్న బళ్ళ మీదికి దూసుకెళ్ళింది. నలుగురు చనిపోయారు. బ్రేకులు పోయిన బళ్ళు ఎక్కి ఆగడానికి కంకర పోసిన ఎత్తు దారి ఆ రోడ్డు పక్కనే ఉంది. లారీ దాన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఆ డ్రైవరు మనసులో ఏముందో మనకు తెలియదు. కానీ బండి చెయ్యి దాటినప్పుడు మనిషి ఇంకొంచెం చూద్దాం అనుకుంటాడన్నది నాకు తెలిసిన నిజం. ఎత్తు దారి ఎక్కిస్తే బండి పాడవుతుంది, ఓనరు తిడతాడు, నలుగురూ చూస్తారు. వచ్చే మలుపులో సర్దుకుంటుందేమో. ప్రతి సెకనుకూ వేగం పెరుగుతుంటుంది, చెయ్యగలిగిన పనుల్లో ఒకటి తగ్గిపోతూ ఉంటుంది.

మన కొండల్లో అలాంటి దారులు చూసుకుని కూర్చోలేం. కొండ వైపు మట్టి గట్టే మనకున్న దారి. బ్రేకు పెడలు లోపలికి దిగిపోతున్నా, కాలిన వాసన వస్తున్నా, తొక్కినా వేగం తగ్గకపోయినా మొదటి పని, క్లచ్ ముట్టకుండా గేరులోనే ఉండడం. రెండో పని, హారను ఆపకుండా కొడుతూ, వేగం ఇంకా తక్కువగా ఉండగానే బండిని కొండ వైపు కాలువలోకి, గట్టుకు రాసుకునేలా దించేయడం. ముందు చక్రం విరుగుతుంది. రేడియేటరు పోతుంది. విరగనివ్వండి. లోయ వైపు పిట్టగోడను నమ్ముకోవద్దు, ఆరున్నర టన్నులకు అది ఆగదు. దూకొద్దు. ట్రాక్టరు మీద నుంచి దూకినవాడి మీద నుంచి వెనక ట్రక్కు వెళుతుంది. ఈ నిర్ణయం కూడా పైన ఉండగానే తీసుకుని రావాలి: ‘బ్రేకు తేడాగా అనిపించిన మొదటి క్షణంలో గట్టుకు తోసేస్తాను, బండి సంగతి తర్వాత’ అని. బండి ఓనరు మీరు కాకపోతే ఆ మాట ఓనరుతో ముందే అనండి. ‘అవసరమైతే గట్టుకు కొట్టు, నేను చూసుకుంటా’ అని నోటితో అనని ఓనరు బండి కొండ మీదికి తీసుకెళ్ళకండి.

అంతా సవ్యంగా జరిగి కిందికి దిగాక, వెంటనే ఊరి దారి పట్టొద్దు. యల్లమంద వైపు చదునులో ఒక పక్కకు ఆపి, ఇంజన్ని కాసేపు ఐడిలింగ్‌లో ఉంచండి. వేడి బ్రేకుల మీద నీళ్ళు పోయకండి, డ్రమ్ములు పగుళ్ళిస్తాయి. నాలుగు వైపులా తిరిగి, ట్రాక్టరు వెనక చక్రాల దగ్గర, ట్రక్కు బేరింగుల దగ్గర చెయ్యి కొంచెం ఎడంగా పెట్టి వేడి చూడండి. రెండు పక్కలా ఒకేలా వెచ్చగా ఉంటే పర్లేదు. ఒక పక్క కాలిపోతూ రెండో పక్క చల్లగా ఉందంటే, దిగినంతసేపూ ఒక్క బ్రేకే పనిచేసిందన్నమాట. లోడు అక్కడే దించి, ఖాళీ బండిని మెల్లగా మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్ళండి. పెడళ్ళు సమానంగా సర్ది, రెండు వైపులా లైనర్లు చూసి, చదును రోడ్డు మీద తొక్కి చూపించాకే డబ్బులివ్వండి.